డొక్కలు ఎగరేస్తే ఆగకండి

 

మాది కొల్లేరు లంక. నేను మూడో తరగతిలో ఉండగా మా చెల్లికి దగ్గు, జ్వరం వచ్చి డొక్కలు ఎగరేసింది. పడవ మీద ఏలూరు చేర్చేసరికే ఆలస్యమైపోయింది. నిమ్ము అన్నారు.

ఇంజనీరుగా ఒక మాట చెబుతాను. అల్ట్రాసౌండ్ తరంగం గాలిని దాటలేదు. అందుకే బాగున్న ఊపిరితిత్తి లోపలిభాగం తెర మీద కనపడదు. నిమ్ము పట్టి గాలి పోయిన చోటు పక్కటెముకల దాకా వస్తే, కాలేయంలా గట్టిగా కనిపిస్తుంది. రేడియేషన్ ఉండదు, బిడ్డ తల్లి ఒడిలో ఉండగానే చూడొచ్చు. లోతున ఉన్న నిమ్ము మాత్రం దొరకకపోవచ్చు. చూసే డాక్టరుకు శిక్షణ ఉండాలి.

మరి చందాలు వేసి ఒక యంత్రం కొని లంకకు పంపేద్దామా? కుదరదు. లింగనిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం ప్రకారం ఈ యంత్రాలున్న చోటు నమోదై ఉండాలి. అది అవసరమైన చట్టమే.

కానీ గడియారం అందరింట్లో ఉంది. బిడ్డ ఏడవనప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 చేరినా, డొక్కలు ఎగరేసినా తెల్లారేదాకా ఆగకండి. ఏలూరో, తాడేపల్లిగూడెమో, ఏది దగ్గరైతే అక్కడికి బయలుదేరండి.

ఈ లెక్కను మన సంఘం తరఫున లంక బడుల్లో నేర్పుదాం. మా అమ్మకు ఎవరూ నేర్పలేదు.

సెలవు.