పిల్లలకు తల తిరిగితే తలనొప్పి సంగతి కూడా అడగండి



"అమ్మీ, ఇల్లంతా తిరుగుతోంది" అంటూ పిల్లవాడు మంచం పట్టుకుంటాడు. అరగంట గడిచేసరికి మామూలుగా ఆడుకుంటాడు. అప్పుడు మనం ఏమంటాము? బడి ఎగ్గొట్టడానికి వేషమంటాము. నీరసమని టానిక్కు పోస్తాము. ఇంకొందరు దిష్టి తగిలిందంటారు. మాటిమాటికీ వచ్చే ఈ తల తిరుగుడుకు మైగ్రేన్, అనగా పార్శ్వనొప్పి, కారణం కావచ్చునని మనకు తోచదు.

పార్శ్వనొప్పి అంటే ఒక ప్రక్క వచ్చే నొప్పి అని కదా మన లెక్క! పిల్లలలో అది తరచు నుదురంతా, రెండు ప్రక్కలా వస్తుంది. తల తిరిగిన రోజున అసలు నొప్పే లేకపోవచ్చు కూడా. అందువల్లనే జబ్బు పోల్చుకోవడం కష్టం.

2021లో బరానీ సొసైటీ, అంతర్జాతీయ తలనొప్పి సంఘం కలిసి 18 ఏళ్ల లోపు వారి కోసం నిబంధనలు ప్రకటించాయి. తల తిరుగుడు ఒక మోస్తరుగానో తీవ్రంగానో కనీసం 5 సార్లు రావాలి. వచ్చినప్పుడు 5 నిమిషాలు మొదలు 72 గంటల లోపు ఉండాలి. ఇప్పుడో, పూర్వమో మైగ్రేన్ ఉండి ఉండాలి. సగం సార్లయినా తలనొప్పి గాని, వెలుతురూ చప్పుడూ సహించలేకపోవడం గాని, కళ్ల ముందు మెరుపు గీతలు గాని తోడుండాలి. వేరే జబ్బు కారణం కాకూడదు.

మైగ్రేన్‌ను చూపించే రక్తపరీక్ష గాని స్కానింగు గాని లేదు. చెవి పరీక్ష, స్కానింగు వంటివి వేరే జబ్బు లేదని తేల్చుకోవడానికే. కనుక సగం వైద్యం మీ జవాబులలోనే ఉన్నది. గది తిరుగుతోందా, లేక లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయా అని బిడ్డను నెమ్మదిగా అడగండి. ఈ రెండూ వేరు. రెండవది రక్తపోటు తగ్గడం వల్ల కావచ్చు. బస్సులో వాంతులవుతాయా? ఇంట్లో ఎవరికైనా పార్శ్వనొప్పి ఉందా? తేదీ, వేళ, ఎంతసేపు ఉంది, ముందురాత్రి నిద్ర, తిన్న తిండి, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసి డాక్టరుగారికి చూపండి.

అయితే జ్వరంతో మెడ బిగుసుకున్నా, స్పృహ తప్పినా, ఒక ప్రక్క కాలుసేతులు చచ్చుబడినా, వినికిడి తగ్గినా, నడక తూలుతూనే ఉన్నా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా ఆలస్యం చేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పెద్దల మాత్రలు విరిచి పిల్లలకు వేయకండి.

వేళకు తిండి, నీళ్లు, నిద్ర ఉంటే చాలామంది పిల్లలకు బాధ తగ్గుతుంది. అన్నిటికంటే ముందు, బిడ్డ చెప్పినది నమ్మండి. అబద్ధాలకోరు అనిపించుకున్న పిల్ల మరోసారి తల తిరిగితే మనకు చెప్పదు. చెప్పకపోతే ఏ డాక్టరూ ఆ జబ్బును కనిపెట్టలేడు.