'ఫెయిర్లీ' యను మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఆంగ్లమున 'ఫెయిర్లీ' యను క్రియావిశేషణము కలదు. దీనికి మూలమైన 'ఫెయిర్' శబ్దమునకు ప్రాచీనాంగ్లమున సుందరమని యర్థము. కావున 'ఫెయిర్లీ' యనగా తొలుత 'అందముగా' ననియే. అందమైనది మచ్చలేనిది, మచ్చలేని నడవడి న్యాయమైనది. ఇట్లు ఆ మాట 'నిష్పక్షపాతముగా' నను నర్థమునకు వచ్చెను. కొట్టివేతలు లేక తిరిగి వ్రాసిన ప్రతిని 'ఫెయిర్ కాపీ' యనుటలో పాత యర్థపు జాడ నేటికిని నిలిచియున్నది.

మన 'చక్కన'యు నిట్టిదే. చక్కని మోము అందమైనది. చక్కని త్రోవ వంకర లేనిది.

'ఫెయిర్లీ'కి 'పూర్తిగా' నను నర్థమును కలిగెను. 19వ శతాబ్దమున 'ఒక మోస్తరుగా' ననుటయు వాడుకకెక్కెను. చిక్కంతయు నిచ్చటనే యున్నది. భూమిని 'ఫెయిర్లీ' పంచిరనగా న్యాయముగా పంచిరని భావము. పంపకము 'ఫెయిర్లీ' న్యాయమైనదనగా నొక మోస్తరు న్యాయమే! అన్నదమ్ములకు ఈ రెంటి నడుమ భేదము గట్టు వెడల్పు కాదు, సెంట్ల కొలది నేల.

కావున పరభాషా పత్రముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు, చేవ్రాలు చేయుటకు ముందు, ఒక్కమారు గ్రంథాలయమునకు వచ్చి నిఘంటువు తెరపించి చూడుడు. మాట ఒక్కటే, అది నిలిచిన చోటును బట్టి దాని తూకము మారును.