తుపాకి చూసి కాదు, గుళ్ళు చూసి
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు తప్ప వేరే మాట వినబడదు. ఈసారి కార్యదర్శిగారు నన్ను తుపాకుల గురించి మాట్లాడమన్నారు. నవ్వకండి. నేను తుపాకి పేల్చినవాణ్ణి కాను. కలెక్టరు కార్యాలయంలో మేజిస్టీరియల్ సెక్షన్లో ఆయుధ లైసెన్సుల సీటు చాలా ఏళ్ళు చూసినవాణ్ణి. ఆ ఫైళ్ళు నేర్పినదే చెబుతాను.

కారణం కూడా ఉంది. మన సభ్యులొకరికి ఊళ్ళో తోట, తోటలో ఒంటరి ఇల్లు ఉన్నాయి. వారి అన్నగారు ఇటీవల కాలం చేశారు. ఆయన పేర ఒక పాత విదేశీ పిస్తోలు ఉంది, .25 బోరు. చేతిలో ఇమిడిపోయేంత చిన్నది, చూడముచ్చటైనది. దాన్ని వారసుడిగా తన పేరకు మార్పించుకోవడమా, లేక వదిలేసి కాన్పూరు ఫ్యాక్టరీ .32 రివాల్వరు కొనుక్కోవడమా అని నన్ను అడిగారు. రాత్రిళ్ళు ఆ తోటలో ఆయన, ఆయన శ్రీమతి ఇద్దరే ఉంటారు కనుక ఇది సరదా ప్రశ్న కాదు.

ముందుగా ఒక చిత్రం చెబుతాను. ప్రపంచంలో పిస్తోళ్ళకు ఎక్కువ వాడుకలో ఉన్న బోరు 9 ఎం.ఎం. మన దేశంలో అది సామాన్యుడికి నిషిద్ధం. పోలీసు, సైన్యం వాడే బోర్లు ప్రజల చేతిలో ఉండరాదన్నది దాని వెనుక సూత్రం. ఇది తెల్లదొరల నాటి ఆలోచన. 1907 ప్రాంతంలో వారు .450 బోరు రైఫిళ్ళను ఇండియాలోకి రానివ్వకుండా ఆపారు. సైన్యం గుళ్ళు దొంగిలించి తిరుగుబాటుదారులు వాడతారని భయం. అప్పుడు ఇంగ్లండులోని తయారీదారులు ఊరుకున్నారా? .465 అనీ, .470 అనీ కొత్త సైజులు పుట్టించి మహారాజులకూ వేటగాళ్ళకూ అమ్ముకున్నారు. జి.ఓ. వచ్చిన మర్నాడే దాని చుట్టూ దారి వెతకడం మన ఆఫీసుల్లోనే మొదలైందని అనుకోనక్కరలేదు.

ఆ విధంగా మనకు మిగిలినది .32. ఈ రివాల్వరు గుండు 1896లో అమెరికాలో పుట్టింది. ఇవాళ చాలా దేశాల్లో దాన్ని గురి పోటీలవాళ్ళు తప్ప పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం లైసెన్సుదారుకు అదే రాజు. కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ రివాల్వరు ఆ బోరుదే. 2014లో ఆడవారి కోసమని తేలికగా చేసి, సుమారు రూ. 1,22,000 ధరకు విడుదల చేసిన 'నిర్భీక్' ఆ బోరుదే. 2023లో వచ్చిన 'ప్రబల్' కూడా అదే. దాని గుళ్ళు పూనా దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో తయారవుతాయి. అది గొప్ప బలమైన గుండేమీ కాదని తెలిసినవారు అంటారు. కానీ దుకాణంలో దొరుకుతుంది.

.25 సంగతి వేరు. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు ఆగిపోయింది. ఇప్పుడు ఇళ్ళలో ఉన్న పాత బ్రౌనింగులు, వెబ్లీలు, కోల్టులు చాలావరకు అంతకు ముందువే. తుపాకి నూరేళ్ళుంటుంది, గుండు ఉండదు. తేమకూ నూనెకూ వేడికీ మందు పాడవుతుంది, పేలవలసినప్పుడు టిక్కుమని ఊరుకుంటుంది. నా సీటుకు వచ్చిన లైసెన్సుల వెనుక గుళ్ళ కొనుగోలు పట్టిక చూస్తే విషయం తెలిసిపోయేది. అరుదైన బోర్లవాళ్ళకు ఆ పట్టికలు ఏళ్ళ తరబడి ఖాళీ. ఆయుధం ఉంది, రెన్యువలు ఫీజు కడుతున్నారు, ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకుంటున్నారు. బీరువాలో ఉన్నవి మాత్రం తండ్రిగారి నాటి ఆరో ఏడో గుళ్ళు. ఆ ధైర్యంతో చీకట్లో తలుపు తీసి బయటికి వెళ్ళే మనిషి, అసలు తుపాకే లేనివాడికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు.

మరమ్మతు కూడా ఆలోచించండి. స్ప్రింగు విరిగితే, మేగజీను పోతే పాత విదేశీ పిస్తోలుకు విడిభాగం ఎక్కడ తెస్తారు? పైగా మన వయసు. పిస్తోలు మొదటి గుండు ఎక్కాలంటే పైభాగాన్ని గట్టిగా వెనక్కు లాగాలి, గుండు పేలకపోయినా మళ్ళీ లాగాలి. కీళ్ళవాతం ఉన్న వేళ్ళకు అది చేతకాదు. రివాల్వరులో ఒక గుండు పేలకపోతే మళ్ళీ మీట నొక్కితే చాలు, తరువాతి గుండు తిరిగి వస్తుంది. ఆ మీట కూడా బిగువే అనుకోండి, అయినా సులువు.

ఇంకొక జాగ్రత్త. .32 అని రాసి ఉన్నంతమాత్రాన అన్నీ ఒకటి కావు. .32 రివాల్వరు గుండు పొడవైనది, అడుగున అంచు ఉంటుంది. 'అశని' వంటి .32 పిస్తోళ్ళ గుండు పొట్టిది, వేరే జాతి. ఒకదాని బదులు ఇంకొకటి వాడరాదు. లైసెన్సులో ఉత్త '.32 బోరు' అని గుమాస్తా రాసేస్తే ఒప్పుకోకండి, రివాల్వరో పిస్తోలో స్పష్టంగా రాయించుకోండి. గుమాస్తాగా ఉన్నవాణ్ణే చెబుతున్నాను.

అందుచేత మన మిత్రునికి నా సలహా, పిస్తోలు వదిలేయమని. ఆయన బాధపడ్డారు. "అన్నయ్య చేతి వస్తువు కదండీ" అన్నారు. వారి మనసు నాకు అర్థమైంది. కానీ అన్నగారి గడియారమైతే వేరు. ఇది ప్రతి రెన్యువలుకూ, ప్రతి ఎన్నికకూ చేతిలో పట్టుకుని వెళ్ళవలసిన జ్ఞాపకం. పైగా 2019 సవరణ తరువాత ఒక మనిషి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండరాదు. వారికి ఇదివరకే పొలం కాపలాకు పన్నెండు బోరు తుపాకి ఉంది. మిగిలిన ఒక్క చోటును గుళ్ళు దొరకని దానితో నింపుకోవడం నాకు సబబుగా తోచలేదు.

ఇక మనందరికీ పనికివచ్చేది. 2016 ఆయుధ నియమాలలో 25వ నియమం చూడండి. లైసెన్సుదారు చనిపోతేనే కాదు, 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళు తన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుని పేరకు మార్పించే వీలుంది. వారసునికి 21 ఏళ్ళు నిండాలి, పోలీసు విచారణ ఉంటుంది, మిగిలిన వారసుల అంగీకారం అడుగుతారు. ఈ హాలులో సగంమందికి డెబ్బై దాటాయి. కొడుకు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండి నాకొద్దు నాన్నా అంటే, ఆ మాట ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. ఎవరికీ అక్కరలేని ఆయుధాన్ని లైసెన్సు అధికారికి తెలియజేసి, లైసెన్సు ఉన్న డీలరు ద్వారా అమ్ముకోవచ్చు. మామూలు బోరుకు కొనేవాడు దొరుకుతాడు. అరుదైనదానికి డీలరే మొహం తిప్పుకుంటాడు.

సోదరీమణులకు ఒక మాట. ఆ లైసెన్సు పుస్తకం ఏ బీరువాలో ఉందో, తాళం ఎక్కడుందో మీవారిని ఇవాళే అడగండి. జరగరానిది జరిగితే, పదమూడో రోజు దాకా ఆగకుండా, ఆయుధాన్నీ గుళ్ళనూ లెక్క ప్రకారం దగ్గరి పోలీసు స్టేషన్లోనో లైసెన్సు డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. రసీదులో ఆయుధం నెంబరు, గుళ్ళ సంఖ్య రాయించుకోండి. భర్త పోయిన దుఃఖంలో ఇదంతా తెలియక, ఏడాది తరువాత నోటీసు పట్టుకుని మా సెక్షన్ వరండాలో నిలబడిన ఆడవారిని చూశాను. తప్పు వారిది కాదు, ఎవరూ చెప్పలేదు.

మన మిత్రులు వచ్చే సోమవారం అన్నగారి పిస్తోలు విషయమై కలెక్టరేటుకు వెళుతున్నారు. దరఖాస్తు నేనే రాసిపెట్టాను. ఇంకెవరికైనా కావలిస్తే టిఫిన్ల తరువాత ఇక్కడే ఉంటాను, లైసెన్సు జిరాక్సు మాత్రం తెచ్చుకోండి. సెలవు.