పనిముట్టు మారాలి, పని పోకూడదు

(నారాయణఖేడ్‌లో టైపు, డి.టి.పి. పనులు చేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నారాయణఖేడ్ 2016లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. భూమి కాగితాల కోసం, పింఛను కోసం, ఇంట్లో పడుతున్న హింస మీద ఫిర్యాదు కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి, తండాల నుంచి స్త్రీలు ఇక్కడికి వస్తారు. వాళ్ల గోడును కాగితం మీదికి ఎక్కించేది మీరే. మీ వేళ్ల కింద ఉన్న పనిముట్టు గురించి ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

మనలో చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో పనిచేస్తున్నారు. సీసపు అక్షరాలు ఏరి కూర్చే కాలం పోయి డి.టి.పి. వచ్చాక, తెలుగు అచ్చుకు ఆ ఫాంట్లు చేసిన మేలు చిన్నది కాదు. దాన్ని పాతచింతకాయ పచ్చడి అని ఎగతాళి చేసేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే దాని లోపల ఏం జరుగుతుందో మనకు తెలియాలి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత సంఖ్య లేదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఇచ్చిన సంఖ్యల మీదే తలకట్టు, గుడి, ఒత్తు బొమ్మలను ముక్కలుగా అతికించారు. అందుకే ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే అర్థంకాని గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత స్థానం ఉంది. అందులో టైపు చేసిన 'క' ఫోనులోనైనా, కలెక్టరు ఆఫీసులోనైనా 'క'గానే ఉంటుంది. ఇక పేజ్‌మేకర్ సంగతి చూస్తే, దాని ఏడో కూర్పు 2001లో వచ్చింది. అదే ఆఖరిది.

ఇది హక్కుల విషయం ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. ఒక స్త్రీ ఫిర్యాదును అను ఫాంటులో టైపు చేస్తే ఆమె చేతికి వచ్చేది కాగితం ఒక్కటే. ఫైలును ఫోనులోకి పంపినా ఆమె చదవలేదు. కంటిచూపు లేని స్త్రీ పరిస్థితి ఇంకా కష్టం. యూనికోడ్ తెలుగును కంప్యూటరు పైకి చదివి వినిపించగలదు. పాత ఫాంటు ఫైలును మాత్రం ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా చదువుతుంది. తన అర్జీలో ఏం రాశారో తను విని సంతకం పెట్టే అవకాశం ఆమెకు ఉండాలా, వద్దా? 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను రికార్డులను వరసగా, సూచికలతో ఉంచాలనీ, వీలైనవాటిని కంప్యూటరీకరించాలనీ చెప్పింది. లబ్ధిదారుల జాబితా పాత ఫాంటులో ఉంటే అందులో ఒక పేరును తెలుగులో టైపు చేసి వెదికినా దొరకదు. కంప్యూటరులోకి ఎక్కినా ఆ సమాచారం జనానికి అందనట్టే.

ఇంత లాభం ఉన్నా మన తోటివాళ్లు ఎందుకు మారడం లేదు? మొండితనం వల్ల కాదు. వేళ్లకు యాపిల్ వరసో, మాడ్యులర్ వరసో అలవాటైపోయింది. కూలి పేజీ లెక్కన వస్తుంది కాబట్టి వేగం తగ్గితే ఆ నెల ఇల్లు గడవదు. ప్రెస్సువాళ్లు పాత ఫైలే అడుగుతారు. సాయంత్రం షాపు మూశాక వంటా, పిల్లలూ ఎదురుచూస్తుంటే ఇక నేర్చుకునే తీరిక ఎక్కడిది? ఈ కారణాలను పట్టించుకోకుండా 'మీరు వెనకబడిపోయారు' అంటే ఎవరూ వినరు.

పెద్ద కంప్యూటర్ల దగ్గర పనిచేసిన ప్రోగ్రామర్లు కూడా ఇలాగే సంకోచించారు. 1950ల మొదట్లో అమెరికాలో యంత్రానికి ఆజ్ఞలను అంకెల్లో రాసేవారు. గ్రేస్ హాపర్ అనే శాస్త్రవేత్త 1952లో ఆ శ్రమను యంత్రానికే అప్పగించే కంపైలరును తయారుచేసింది. కంప్యూటరు లెక్కలు తప్ప మరేం చేయలేదని చుట్టూ ఉన్నవాళ్లు కొట్టిపారేశారు. ఆమె చేసి చూపించింది. ఆ తరవాత మామూలు ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలు రాసే ఫ్లో-మాటిక్‌ను రూపొందించింది. 1959లో మొదలైన కోబాల్ రూపకల్పనకు అది ఆధారమైంది. అంతకుముందు ఆ పనికి దూరంగా ఉన్నవాళ్లకు కూడా అది అందుబాటులోకి వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన జహీరాబాదు ప్రాంతంలోనే చూడండి. మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు 2008 అక్టోబర్ 15న సంఘం రేడియోను మొదలుపెట్టారు. యంత్రాన్ని తమ భాషలోకి, తమ అవసరంలోకి తెచ్చుకున్నారు.

మనం చేయగలిగింది ఏమిటి? యాపిల్, మాడ్యులర్ వరసలతోనే యూనికోడ్ టైపు చేసే సాధనాలు ఉన్నాయి. వేళ్ల అలవాటు మార్చుకోనక్కర లేదు. ఈ మాట ముందు చెబితే సగం భయం పోతుంది. అన్నీ ఒకేసారి మార్చవద్దు. అర్జీలు, ఫిర్యాదులు, సంఘం తీర్మానాలు ముందు మార్చండి. పెళ్లిపత్రికలు, వాల్‌పోస్టర్లు ఇంకొన్నాళ్లు పాత పద్ధతిలో చేసుకోవచ్చు. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ, ఒత్తులూ అంకెలూ తారుమారు కావచ్చు. సర్వే నంబరులో ఒక్క అంకె మారినా నష్టపోయేది అర్జీదారు. కాబట్టి అసలుతో పోల్చి చూడందే ఇవ్వవద్దు, పాత ఫైలును తీసెయ్యవద్దు. పోతన వంటి ఫాంట్లు, లిబ్రె ఆఫీస్ ఉచితంగా దొరుకుతాయి.

నేర్చుకున్న ఒకరు పక్కన కూర్చుని ఇంకొకరికి నేర్పాలి. అది పనివేళల్లోనే జరగాలి. వేగం తగ్గిన ఆ కొద్ది రోజుల కూలి నష్టాన్ని యజమాని భరించాలని మనం కలిసి అడగాలి. కొత్త పనిముట్టు వచ్చిందన్న పేరుతో వయసు మళ్లిన ఆపరేటరును ఇంటికి పంపితే ఒప్పుకోకూడదు. తెలుగు అచ్చులో తప్పొప్పులు ఆమెకు తెలిసినంతగా కొత్తగా చేరినవాళ్లకు తెలియవు.

మీ షాపుకు రేపు వచ్చే మొదటి అర్జీని యూనికోడ్‌లో టైపు చేయండి. దాన్ని ఆమె ఫోనుకు పంపండి, చదివి వినిపించండి. మీ పక్క కుర్చీలో ఉన్న చెల్లెలు చూస్తుంది. నా ప్రసంగం కన్నా అదే ఆమెను ఎక్కువగా ఒప్పిస్తుంది.