పూలాంకు సంతోషస్తోత్రము



దేవుని స్తుతించువాడు నవ్వవచ్చునా? ఫ్రాన్సు దేశీయుడగు ఫ్రాన్సిస్ పూలాంకు రచించిన "గ్లోరియా" అను బృందగానమును విని కొందఱు ఈ ప్రశ్ననే లేవదీసిరి. దానిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

గ్లోరియా యనగా లాటిను భాషలో మహిమ. రోమను కాథలిక్కుల పూజలో పాడు పురాతన స్తోత్రమిది. ఏసు జన్మించిన రాత్రి దేవదూతలు గొల్లలకు వినిపించిన వాక్యముతో ప్రారంభమగును. మన భజనగోష్ఠిలో అందఱు నొక్క వరుసనే పాడుదురు గదా. ఇచట స్త్రీలలో హెచ్చు స్థాయివారు, తగ్గు స్థాయివారు, పురుషులలోను అట్లే, తమతమ వరుసలను ఏకకాలమున పాడుదురు. అన్నియు కలిసి యొక్క నిండు నాదమగును. దీనికి తోడు పెద్ద వాద్యబృందము, కొన్ని భాగములందు ఒక స్త్రీ యేకకంఠము.

పూలాంకు 1899లో పారిసున జన్మించెను. యౌవనమున పరిహాసము చిందు రచనలకు పేరొందినవాడు. 1936లో ఆయన మిత్రుడును సంగీతకర్తయునగు ఫెర్రూ హంగరీలో మోటారు ప్రమాదమున దుర్మరణము పొందెను. ఆ దుఃఖములో పూలాంకు రొకమదూరను కొండక్షేత్రమునకు పోయి, అచటి నల్లని కొయ్య మేరీమాతను దర్శించి, నాటి సాయంకాలమే యొక స్తోత్రమునకు స్వరరచన మొదలిడెను. అటుపై భక్తిగానములు పెక్కు రచించెను. గ్లోరియాలో నవ్వినవాడు దుఃఖము నెఱిగినవాడే.

ఈ కృతిని 1959లో రచించెను. 1961 జనవరి 20న అమెరికాలోని బోస్టనులో ఛార్లెస్ మున్ష్ నాయకత్వమున తొలుత వినిపించిరి. భాగములారు. ఆక్షేపణ యంతయు రెండవ దానిపైననే. అందు గాయకులు లాటిను పదములను ఊనవలసిన యక్షరమున ఊనక వేఱొక యక్షరమున ఊనుచు, బడి విడిచిన బాలురవలె పరుగులు తీయుదురు. దీనికి పూలాంకు చెప్పిన సమాధానము చిత్రమైనది. పదునైదవ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు గొజ్జోలి గోడలపై వ్రాసిన, నాలుకలు చాపు దేవదూతలును, తానొకనాడు చూచిన, బంతియాట నాడుచున్న గంభీరులగు సన్న్యాసులును తన మనస్సున మెదలిరనెను. నాకీ సమాధానము మిక్కిలి నచ్చినది. గోపన్న రాముని దెప్పిన కీర్తనలను కన్నుల నీరు నించుకొని పాడుకొను మనకు ఇందు వింత యేమి?

అయినను, రికార్డు సంపాదించి వినగలవారు రెండవ భాగముతో లేచిపోవలదు. మూడవ దానిలో వేగము తగ్గి, స్త్రీకంఠ మొంటరిగా పైకి లేచును. నాలుగవది క్షణములో ముగియు ఉల్లాసము. అయిదవది దుఃఖభరితము, నా మట్టునకు కృతికంతకు ప్రాణమదియే. కడపటి భాగమున గాయకులు వాద్యములు లేకయే మొదలిడుదురు. మొదటి భాగమున మ్రోగిన బాకాల ఘోష మరల వచ్చును. ఇక మహాకోలాహలముతో ముగియునని మన మెదురుచూచుచుండగా, ధ్వని క్రమముగా సన్నగిలును. స్త్రీకంఠము "ఆమెన్" అనును. గాయకులు మెల్లగా బదులు పలుకుదురు. పిదప వాద్యములును అణగిపోవును.