గంజాయి దుకాణము వలదు

(చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు పఠనమందిర సభ్యుల యెదుట చేసిన యుపన్యాస పాఠము)



గంజాయిని చట్టబద్ధము చేసి మద్యమువలె లైసెన్సు దుకాణములలో నమ్మించినచో దొంగవ్యాపారము నశించుననియు, ఖజానాకు రాబడియు రైతునకు క్రొత్త పంటయు లభించుననియు కొందరు విద్యావంతులు వాదించుచున్నారు. ఈ వాదమును పరిహసించి త్రోసివేయుట తగదు, విచారించి తేల్చుకొనవలెను.

మొదట చట్టము సంగతి. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము ప్రకారము ఒక కిలో వరకు గంజాయి స్వల్ప పరిమాణము. 20 కిలోలు దాటినచో వ్యాపార పరిమాణము. దీనికి 10 మొదలు 20 సంవత్సరముల కఠిన కారాగారము. శిక్ష యింత గొప్పదైనను పట్టుబడువా రెవరు? మన్యములో మొక్క నాటిన గిరిజనుడు, మూట మోసిన కూలి, బండి తోలిన డ్రైవరు. పెట్టుబడి పెట్టిన షావుకారు తెరవెనుకనే యుండును. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి యొద్ద ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని దగ్ధము చేసిరి. మంట చల్లారెను గాని రవాణా ఆగలేదు. కేవలము జైలుతో ఈ వ్యాధి కుదురదను మాటను మేమును అంగీకరింతుము.

అంతమాత్రమున దుకాణము తెరువవలెనా? ఆంగ్ల ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 1894లో గంజాయిని నిషేధింపనక్కరలేదు, లైసెన్సులిచ్చి పన్ను వేయుడని చెప్పెను. పరప్రభుత్వము పోయినను ఆబ్కారీ బుద్ధి పోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన యుద్యమము ఫలితముగా 1993 అక్టోబరు 1న సారా నిలిచెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. రెండేండ్లు నిండి నిండకమునుపే, 1997లో, ఖజానా కొరత పేరిట అది సడలెను. 2023లో తెలంగాణలో 2,620 మద్యము దుకాణములకై లక్షా ముప్పదివేలకు మించి దరఖాస్తులు పడెను. తిరిగి యియ్యని రుసుము ఒక్కొక్కదానికి 2 లక్షల రూపాయలు. ప్రభుత్వమునకు వచ్చినది 2,600 కోట్లకు పైమాట. ఒక్క చుక్క అమ్మకముందే ఇంత రాబడి చవిచూచిన ప్రభుత్వము వాడకము తగ్గవలెనని కోరునా?

2019 నాటి జాతీయ సర్వేలో గంజాయి, భంగు వాడినవారు సుమారు 3 కోట్లు. మద్యము వాడినవారు 16 కోట్లు. ఈ భేదమునకు కారణములు పెక్కు గలవు. వీధివీధిని దుకాణముండుట వానిలో నొకటి కాదనగలమా? థాయిలాండు 2022 జూనులో గంజాయిని నిషిద్ధ పట్టికనుండి తొలగించి, వేలాది దుకాణములు వెలసిన పిమ్మట, 2025 జూనులో వైద్యుని చీటి లేక అమ్మరాదని శాసించెను.

ఇక మన యూళ్ల స్థితి. నగరము మొయినాబాదును దాటి చేవెళ్ల మఱ్ఱిచెట్ల దాక ప్రాకుచున్నది. కూరగాయలు, పూలు పండిన నేలలలో విందుల ఫారంహౌసులు లేచినవి. భూమి అమ్మిన సొమ్ము ఇంటనుండి, చేత పనిలేని కుఱ్ఱవాడే మత్తువర్తకునికి సులువైన బేరము. చిన్ననాటనే నిత్యము గంజాయి త్రాగువారికి జ్ఞాపకశక్తి సన్నగిల్లును. కొందరికి మతి చలించును. లాభము ఖజానాది, నష్టము తల్లిదండ్రులది.

నారకును విత్తులకును జనపజాతి గంజాయి పండింప దలచినచో, ప్రభుత్వము అనుమతి నిచ్చుటకు 14వ సెక్షనులో నిప్పుడే వీలున్నది. ఉత్తరాఖండము 2018లో ఆ త్రోవ త్రొక్కెను. అందులకై మత్తు దుకాణ మక్కరలేదు.

కావున మా కోరికలు మూడు. అలవాటుపడిన వానిని ఆసుపత్రికి పంపుడు: స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చిన వ్యసనపరునికి 64–ఎ సెక్షను ప్రాసిక్యూషను నుండి రక్షణ నిచ్చుచున్నది. శిక్షను కూలి మెడనుండి షావుకారు మెడకు మార్చుడు. దుకాణము మాత్రము తెరువకుడు. ఆ 64–ఎ సెక్షను సంగతి తెలియక బిడ్డను దాచి కుములుచున్న తల్లిదండ్రులు మన వీధులలో గలరు. పఠనమందిరములవారు నేడే దానిని పెద్ద యక్షరములతో వ్రాసి గోడకు తగిలింపవలెనని ప్రార్థించుచున్నాము.