పొట్టివాళ్ల కోసం బండి ముందు భాగం దించొచ్చా? దించితే ఎంత?

ఈరోజు టాపిక్ మనలాంటి పొట్టివాళ్ల కోసం. నా హైట్ 5 అడుగుల 3 అంగుళాలు, నడిపేది హిమాలయన్ 411. సీటు ఎత్తు 800 మి.మీ., బరువు దగ్గర దగ్గర 200 కేజీలు. కూర్చుంటే మునివేళ్లే నేలకి ఆనతాయి. పోతున్నంతసేపు ఏ బాధా లేదు. కానీ సిగ్నల్ దగ్గర ఆగి కాలు పెట్టిన చోట చిన్న గుంట ఉందనుకోండి, అంతే సంగతులు. అంత బరువు ఒకసారి వాలడం మొదలుపెట్టాక ఆపడం ఆరడుగుల మనిషికి కూడా కష్టమే. ఈ భయంతోనే ఇష్టపడి కొన్న బండిని అమ్మేసినవాళ్లు నాకు తెలుసు.

అందుకే చాలామంది మెకానిక్ దగ్గరికెళ్లి "అన్నా, ముందు కొంచెం దించెయ్" అంటారు. హ్యాండిల్ కింద టీ దగ్గర బోల్టులు లూజ్ చేసి, ఫోర్కు గొట్టాల్ని పైకి జరిపి మళ్లీ బిగించేయడమే. పెద్ద ఖర్చు కూడా లేదు. కానీ ముందు ఒక చిన్న లెక్క చూడండి.

ఈ బండిలో ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి దూరం 1465 మి.మీ. మనం కూర్చునేది మధ్యలో కాదు, కాస్త వెనక చక్రం వైపు. ముందు నుంచి 60 శాతం దూరంలో అనుకుందాం. అప్పుడు ముందు 20 మి.మీ. దించితే సీటు దగ్గర దిగేది 8 మాత్రమే. ఎనిమిది మిల్లీమీటర్లండీ! కాస్త మందం సోల్ ఉన్న బూట్లు వేసుకుంటే అంతకంటే ఎక్కువే వస్తుంది. అదే వెనక 20 దించితే సీటు 12 దిగుతుంది. రెండు వైపులా దించితేనే 20కి 20.

మరి ముందు దించడం ఎందుకు? వెనక దించిన బండిని మళ్లీ లెవెల్‌కి తేవడానికి. దాని అసలు పని అదే. వెనక ఒక్కటే దించితే బండి మూతి పైకి లేస్తుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది, హెడ్‌లైట్ ఎదుటివాడి కళ్లల్లో కొడుతుంది. ముందు ఒక్కటే దించితే దీనికి రివర్స్. ఫోర్కు నిటారుగా అవుతుంది. 15 మి.మీ.కి సుమారు అర డిగ్రీ తేడా. అర డిగ్రీయే కదా అనుకోవద్దు. సిటీలో బాగానే అనిపిస్తుంది, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతోంది అని సంబరపడతాం కూడా. అదే హైవే మీద 90లో పోతుంటే, పక్క నుంచి లారీ గాలి కొట్టినప్పుడు, లేదా శ్రీశైలం ఘాట్‌లో దిగుతూ గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు, బండి మునుపటంత నిలకడగా ఉండదు.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ముందు సీటు. సీటు కుట్టేవాళ్ల దగ్గర ఫోమ్ కొంచెం కోయించి, ముఖ్యంగా తొడలు ఆనే చోట రెండు పక్కలా సన్నం చేయించండి. వెడల్పు తగ్గితే కాలు నేరుగా కిందకి దిగుతుంది. తర్వాత వెనక షాక్ ప్రీలోడ్. 50 కేజీల మనిషి ఎక్కితే వెనక అసలు కుంగట్లేదంటే స్ప్రింగ్ ఎక్కువ బిగించి ఉన్నట్టే, ఒకటి రెండు మెట్లు తగ్గించండి. ఇవి చాలామందికి సరిపోతాయి. చాలకపోతేనే వెనక లోయరింగ్ లింకులు, వాటితో పాటే ముందు ఫోర్కు.

ఇప్పుడు ఫోర్కు పని. డబుల్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద గట్టి సపోర్ట్ పెట్టండి. రెండు వైపులా బోల్టులు ఒకేసారి వదిలేశారా, బండి మూతి ధబేల్‌మని కిందకి దిగుతుంది. ఒక్కో కాలూ కొంచెం కొంచెంగా జరపాలి. టీ పైన ఎంత గొట్టం బయటికొచ్చిందో వెర్నియర్‌తో కొలవండి, రెండూ ఒకేలా ఉండాలి. కంటి అంచనా పనికిరాదు. సమంగా ఉన్నాయో లేదో చెప్పడానికి చక్రం ఇరుసు ఉంది, అది చేత్తో నెడితే సాఫీగా దూరాలి. బోల్టులు టార్క్ రెంచ్‌తో, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నంతే బిగించాలి. బలం ఉంది కదా అని కింద టీ దగ్గర అతిగా బిగించొద్దు.

తర్వాత హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. గొట్టం తల దేనికైనా తగులుతోందా, బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు లాగుతున్నాయా అని. ఇంకొకటి, చాలామంది వదిలేసేది. ఈ ఫోర్కు 200 మి.మీ. కుంగుతుంది. గుంటలో పడి మొత్తం కుంగినప్పుడు చక్రం ఇప్పుడు కింద టీకీ, పైన ముక్కులాంటి మడ్‌గార్డ్‌కీ ఇంకా దగ్గరికొస్తుంది. స్ప్రింగులు తీయించి, పూర్తిగా నొక్కి, ఖాళీ ఉందో లేదో కళ్లతో చూడండి. అక్కడ టైరు తగిలితే చక్రం ఆగిపోతుంది, మనం హ్యాండిల్ మీదుగా వెళ్లిపోతాం. నా మటుకు 15 దాటి వెళ్లను.

"స్ప్రింగే కోసేద్దాం" అనే మెకానిక్ దొరికితే, దండం పెట్టి వచ్చేయండి. కోసిన స్ప్రింగ్ గట్టిపడుతుంది, కుంగే దూరం తగ్గుతుంది, బ్యాలెన్స్ ఏమీ మిగలదు.

వారంటీలో ఉన్న బండి అయితే ముట్టుకునే ముందే సర్వీస్ సెంటర్‌లో అడగండి. పని అయ్యాక హెడ్‌లైట్ సరిచేసుకోండి, 50 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి బోల్టులు మళ్లీ చూడండి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కూడా కొత్తగా అలవాటు పడాలి, 220 ఉన్న గ్రౌండ్ క్లియరెన్స్ మీరు దించినంత తగ్గిపోయింది కదా.

అన్నట్టు, సైడ్ స్టాండ్! బండి దిగింది గానీ స్టాండ్ పొడవు అంతే ఉంది. ఇక బండి వాలకుండా నిటారుగా నిలబడుతుంది, గాలికో, ఎవరి చెయ్యో తగిలో అటు పక్కకి పడిపోతుంది. స్టాండ్ ఎంత తగ్గించాలి, ఎక్కడ కోసి వెల్డింగ్ పెట్టాలి అనేది వచ్చే వీడియోలో కొలతలతో చూపిస్తా. అప్పటిదాకా డబుల్ స్టాండే వేసుకోండి. ఉంటా మరి, బాయ్.